బ్యాటరీ రంపం ఎగిరి మీదికొచ్చింది. తప్పు నాదా, మిషన్‌దా?

సగంకోసినకొమ్మ
పోయిన వారం కొమ్మలు కోసే చిన్న బ్యాటరీ రంపం కొన్నాను. గొలుసు చుట్టూ తిరిగే పలక, అదే బార్, 6 అంగుళాలు, బరువు మహా అయితే కిలోన్నర. మొదటి రోజు అరటి బోదె కోసినట్టు కోసేసింది, మహా సంబరపడ్డాను. రెండో రోజు మణికట్టంత లావు ఎండు కొమ్మ కోస్తుంటే రంపం ఒక్కసారిగా పైకి లేచి నా వైపు తిరిగింది. చొక్కా చేయి మోచేతి దగ్గర చిరిగింది, చర్మం మీద గీత పడింది. అంతటితో పోయింది. కానీ అప్పటి నుంచి దాన్ని ముట్టుకోవాలంటే టెన్షన్. గొలుసు బిగుతుగానే ఉంది, బ్యాటరీ ఫుల్లుగా ఉంది. ఇది తయారీ లోపమా? వాపసు ఇచ్చేయాలా?

తోటపనిపిచ్చి
నాకూ జరిగింది. నాది చొక్కాతో ఆగలేదు, మూడు కుట్లు. ముందు ఇది చెప్పండి, కోసేటప్పుడు బార్ కొన ఎక్కడుంది?

సగంకోసినకొమ్మ
కొన ఎవరు చూశారండీ. కొమ్మ వెనకాల ఇంకో చిన్న కొమ్మ ఉంది. దానికి తగిలిందేమో.

తోటపనిపిచ్చి
తగిలిందేమో కాదు, తగిలింది. మిషన్‌లో లోపం లేదు, వాపసు ఇవ్వకండి.

మానెక్కినోడు
చెట్లు కొట్టడం నా వృత్తి, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి.

గొలుసు బార్ పైభాగాన మనకు దూరంగా పరిగెడుతుంది, కొన దగ్గర వంపు తిరుగుతుంది, కింది భాగాన మన వైపు వస్తుంది. కింది భాగంతో కోస్తే రంపం ముందుకు, కట్టెలోకి లాక్కుపోతుంది. పైభాగంతో కోస్తే రంపం మన మీదికి నెట్టుకొస్తుంది. ఈ రెండూ చేతికి తెలుస్తాయి, కాచుకోవచ్చు. కాచుకోలేనిది మూడోది. బార్ కొనను గడియారం అనుకోండి, కొన కుడివైపు చూస్తోంది అనుకోండి. 12కీ 3కీ మధ్య ఉన్న ఆ పావు భాగం కట్టెకు తగిలితే పన్ను అందులో దిగబడి ఆగుతుంది. మోటారు ఆగదు. కొమ్మ కదలదు. ఇక కదలాల్సింది రంపమే. బార్ పైకి లేచి వెనక్కి, అంటే మీ మొహం వైపు తిరుగుతుంది. మేం దీన్ని కిక్‌బ్యాక్ అంటాం, తుపాకీ తన్నినట్టే. రెప్పపాటు కూడా పట్టదు. ట్రిగ్గర్ వదలాలని మీకు తోచేసరికి అయిపోయి ఉంటుంది.

పెద్ద రంపాలకు ముందు పిడి దగ్గర ఒక అడ్డు ఉంటుంది. రంపం తన్నగానే అది చేతికి తగిలి, లేదా ఆ ఊపుకే, చైన్ బ్రేక్ పడుతుంది. ఈ చిన్న వాటిలో చాలావాటికి బ్రేక్ లేదు. బరువూ లేదు. ఒంటి చేత్తో పట్టుకుంటాం కాబట్టి ఆపే బలమూ లేదు. మోటారు చిన్నది, తన్నే బలం తక్కువ, నిజమే. కానీ చర్మం కోయడానికి ఎంత బలం కావాలి?

ఇంతకీ మీ రెండో చేయి ఎక్కడుంది?

సగంకోసినకొమ్మ
రెండో చేత్తో కొమ్మ పట్టుకున్నాను, ఊగకుండా.

తోటపనిపిచ్చి
అమ్మో.

ఎండుపుల్ల
అయిపోయింది, ఇక మానెక్కినోడు గారు క్లాసు పీకుతారు.

మానెక్కినోడు
పీకను. అందరూ అదే చేస్తారు, అదే బాధ.

వార్డుడ్యూటీ
నేను ఆస్పత్రిలో గాయాల విభాగంలో పనిచేస్తాను. ఇలాంటి చిన్న రంపాల గాయం వచ్చిందంటే నేను ముందు చూసేది రంపం పట్టుకోని చేతినే. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, లేదా వేళ్ల వెనక వైపు. కత్తి గాయం గీతలా ఉంటుంది. ఇది అలా ఉండదు, పళ్లు కండను చీల్చి కొంత పట్టుకుపోతాయి. లోపల రంపపు పొట్టు, నూనె, బెరడు. పైకి చిన్నగానే కనిపిస్తుంది, కింద వేలిని ఆడించే నరం, అదే స్నాయువు తెగి ఉంటుంది. "కట్టు కట్టి పంపేయండి" అంటారు. వేలు మడవమంటే మడవలేరు.

మోచేతి గీత అన్నారు కదా, ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే ఇవాళే వెళ్లి వేయించుకోండి.

సగంకోసినకొమ్మ
గుర్తు లేదు. సాయంత్రం వెళ్తాను.

చిన్నపాముపెద్దకర్ర
అందుకే నా పేరు ఇది. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు. పెద్ద పెట్రోలు రంపం చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది, రెండు చేతులతో పట్టుకుంటారు, హెల్మెట్ పెట్టుకుంటారు. ఇది బొమ్మలా ఉంటుంది. ప్రకటనల్లో కూడా ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో రంపం పట్టుకుని నవ్వుతుంటారు. బొమ్మ అనుకోవడంలోనే ఉంది తిప్పలంతా.

చేతిరంపంచాలు
అసలు మణికట్టంత కొమ్మకు మిషన్ ఎందుకు? మంచి మడత రంపం ఉంటే నిమిషం పని. మనం లాగితేనే కోస్తుంది, ఆపితే ఆగుతుంది. బ్యాటరీ లేదు, గొలుసు లేదు, ఎగరడం లేదు. బొటనవేలంత దానికి కొమ్మ కత్తెర చాలు. నా తోటలో అరవై చెట్లున్నాయి, ఇప్పటికీ మిషన్ ముట్టలేదు.

తోటపనిపిచ్చి
మీ భుజాలు బాగున్నాయి కాబట్టి. నాకు రెండు భుజాలూ పట్టేశాయి, పది కోతలకే చేయి లేవదు. ఈ రంపం లేకపోతే తోట వదిలేయాల్సిందే. అందరినీ ఒకే గాటన కట్టకండి.

చేతిరంపంచాలు
సరే, భుజాల సంగతి ఒప్పుకుంటాను. సగంకోసినకొమ్మ గారి భుజాలకేమైంది?

సగంకోసినకొమ్మ
బద్ధకం 😀

మానెక్కినోడు
చేతిరంపంచాలు గారి మాటలో ఒకటి మాత్రం మిషన్ వాళ్లూ పట్టుకోవాలి. సన్న రెమ్మలకు ఈ రంపం వాడకండి. పెన్సిలంత పుల్లని గొలుసు కోయదు, పట్టి లాగి కొడుతుంది. కొరడా దెబ్బలా వచ్చి మొహానికి తగులుతుంది. సన్నవన్నీ ముందు కత్తెరతో తీసేయండి, లావు కొమ్మ చుట్టూ ఖాళీ అవుతుంది, కొన ఎక్కడుందో కనిపిస్తుంది, అప్పుడు రంపం తీయండి. ఈయన గారి గొడవంతా ఆ వెనకాల ఉన్న చిన్న కొమ్మ వల్లే కదా వచ్చింది.

కొమ్మ ఊగితే చేత్తో పట్టుకోవద్దు. రంపం శరీరం దగ్గర ఒక ముల్లు లాంటి ఇనుప పట్టీ ఉంటుంది చూడండి, అది లేకపోతే బార్ మొదలు. దాన్ని కొమ్మకు ఆనించి, తర్వాత ట్రిగ్గర్ నొక్కండి. గొలుసు ముందుకు లాక్కుంటుంది కాబట్టి కొమ్మ దానికదే ఆనుకుని ఉంటుంది. తిరుగుతున్న గొలుసును గాల్లోంచి తెచ్చి కొమ్మ మీద పెట్టబట్టే ఊగేది.

ఎండుపుల్ల
ఇది నాకు కొత్త. నేను ముందు తిప్పి తర్వాత ఆనిస్తాను.

మానెక్కినోడు
గొలుసు తిరుగుతూ ఉండాలి కట్టెను కోసేటప్పుడు, అది సరే. కానీ ముందు రంపం ఆనాలి. ముల్లు పట్టీ ఆనాక, గొలుసు పూర్తి వేగం అందుకున్నాక కిందికి దించండి. బలం పెట్టకండి. బలం పెట్టాల్సి వస్తోందంటే గొలుసు మొండిబారిందన్నమాట. పదునైన గొలుసు పలుకులు పలుకులుగా రాల్చుతుంది, మొద్దుబారినది పిండిలాంటి పొట్టు రాల్చుతుంది. కింద రాలిన పొట్టు చూస్తే చాలు.

నిచ్చెనమెట్టు
ఒక్క అనుమానం. కొమ్మ ఎంత ఎత్తులో ఉందో ఆయన చెప్పలేదు.

సగంకోసినకొమ్మ
తొమ్మిదడుగులు ఉంటుంది.

నిచ్చెనమెట్టు
మీ ఎత్తు?

సగంకోసినకొమ్మ
నిచ్చెన వేసుకున్నాను లెండి.

ఎండుపుల్ల
ఒక్కొక్క వాయిదాకి ఒక్కో నిజం చెబుతున్నారు 😂 ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి.

సగంకోసినకొమ్మ
లాక్ బటన్‌కు టేపు చుట్టాను. మాటిమాటికీ నొక్కాలంటే బొటనవేలు నొప్పి పుడుతోంది. ఇక ఏమీ లేదు, ఒట్టు.

మానెక్కినోడు
ఇప్పుడు పీకుతాను.

టేపు ఇవాళే తీసేయండి. ఆ బటన్ ఉన్నది మీకు నొప్పి పుట్టించడానికి కాదు. జారిపోతున్న రంపాన్ని ఎవరైనా ఒడిసి పట్టుకుంటారు, అప్పుడు వేలు పడేది సరిగ్గా ట్రిగ్గర్ మీదే. బటన్ నొక్కి ఉంటే తప్ప తిరగకూడదు. టేపు ఉంటే రంపం జేబులో పిస్తోలే.

నిచ్చెన సంగతి. నేను తాడు, నడుముకు బెల్టు, చెట్టుకు కట్టు లేకుండా నేల వదిలి రంపం తిప్పను. నిచ్చెన మీద నిలబడ్డవాడికి ఒక చేయి రంపానికి, ఒక చేయి నిచ్చెనకు, ఇక కొమ్మ ఎటు పడుతుందో చూసే తీరిక లేదు. తెగిన కొమ్మ నేరుగా కింద పడదు, తెగేముందు వంగుతుంది, మొదలు చివర ఊగి నిచ్చెనను కొడుతుంది. పైగా నిచ్చెన ఆ కొమ్మకే ఆనించి ఉంటే బరువు పోగానే మిగిలిన భాగం పైకి లేస్తుంది, నిచ్చెన జారుతుంది.

నిచ్చెనమెట్టు
మా బాబాయి కూర్చున్న కొమ్మను నరుక్కోలేదు గానీ, నిచ్చెన ఆనించిన కొమ్మను కోశాడు. సామెతకు అరంగుళం దూరం. కాలర్‌బోన్ విరిగింది. ఇంట్లో ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ కథే. మా అందరిలోకీ తెలివైనవాడు కూడా ఆయనే, ఎవరైనా నవ్వితే ఆ సంగతి గుర్తు చేసుకోండి.

సగంకోసినకొమ్మ
నాది మెట్ల నిచ్చెన, కొమ్మకు ఆనించలేదు. అయినా వాదించను.

పచ్చరెమ్మ
తొమ్మిదడుగులకు కర్ర రంపం ఉంది కదా, పొడుగు కడ్డీ చివర చిన్న గొలుసు రంపం. నేల మీద నిలబడే కోసుకోవచ్చు. నేను రెండేళ్లుగా అదే వాడుతున్నాను. కాకపోతే పైకి చూసి చూసి మెడ పట్టేస్తుంది, పొట్టంతా కళ్లలో.

కరెంటోడు
పచ్చరెమ్మ గారూ, కర్ర రంపం అనగానే నాకు గుండె గుభేలుమంటుంది. దాని కడ్డీకి ఇన్సులేషన్ ఉండదు. చాలావాటిలో అల్యూమినియం. పైన కరెంటు తీగలుంటే రంపం తగలక్కర్లేదు, తెగిన కొమ్మ తీగ మీద వాలినా చాలు. పచ్చికొమ్మ నిండా నీళ్లే. అమెరికా కార్మిక భద్రతా నియమాల్లో, ఈ పనిలో శిక్షణ లేనివాళ్లు 50 వేల వోల్టుల దాకా ఉన్న తీగలకు కనీసం 10 అడుగుల దూరం ఉండాలని ఉంది. ఆ 10 అడుగులు మీకూ తీగకూ మధ్య కాదు. మీకూ, మీ చేతిలో ఉన్న కడ్డీకీ, పడబోయే కొమ్మకూ, అన్నిటికీ. రంపాల మాన్యువళ్లు ఇంకా ఎక్కువ దూరం చెబుతాయి. తీగ దగ్గర కొమ్మ ఉంటే విద్యుత్తు శాఖకు ఫోన్ చేసి లైన్ ఆపించండి. నలుగురు నవ్వినా ఫర్లేదు.

పచ్చరెమ్మ
మా తోట మీద తీగలు లేవు, కానీ పక్కింటికి వెళ్లే సర్వీసు వైరు ఉంది. అది కూడానా?

కరెంటోడు
అది కూడా. పైన నల్ల తొడుగు కనిపిస్తుంది కదా అని నమ్మకండి. ఎండకు ఎక్కడ పగిలిందో కింద నుంచి కనపడదు.

మానెక్కినోడు
కర్ర రంపంతో ఇంకో మాట. కొమ్మ కింద నిలబడొద్దు. కడ్డీ వాలుగా ఉండాలి, నేలకు 45 డిగ్రీలు, మించితే 60. నిట్టనిలువుగా పట్టుకున్నారంటే కొమ్మ మీ నెత్తినే. కోయకముందే తప్పుకునే దారి చూసుకోండి, వెనకాల కుండీలు, పైపులు లేకుండా. కందిరీగల గూడు ఉందేమో కూడా కింద నుంచే చూసుకోండి. కడ్డీ వదిలేసి పరిగెత్తిన రోజు నాకు ఉంది, రంపం తిరుగుతూనే నేల మీద పడింది. పడ్డాక ఆగింది, బటన్ టేపు వేసి లేదు కాబట్టి.

సగంకోసినకొమ్మ
గుచ్చారు.

గేరుపళ్లు
గొలుసు రంపం కాకుండా, ముందుకీ వెనక్కీ ఆడే బ్లేడు రంపం ఉంటుంది, రెసిప్రొకేటింగ్ సా. దానికి కొమ్మల బ్లేడు వేస్తే బాగా కోస్తుంది. అంగుళానికి 5 పళ్లు ఉండేది పచ్చి కట్టెకు సరిపోతుంది. గొలుసు ఊడదు, నూనె అక్కర్లేదు, అలా ఎగిరి తన్నదు. నా ఓటు దానికే.

తోటపనిపిచ్చి
నేను రెండూ వాడాను. అది తన్నదు గానీ కుదుపుతుంది. ముందున్న ఇనుప పాదం కొమ్మకు గట్టిగా ఆనకపోతే కొమ్మ కోయదు, మనల్నీ కొమ్మనీ కలిపి ఊపుతుంది. బ్లేడు కొన అవతల దేనికైనా గుద్దుకుంటే వంగిపోతుంది, ఒక్కోసారి విరుగుతుంది. రెండు చేతులూ కావాలి. ఆ లెక్కన చూస్తే, రెండు చేతులూ మిషన్ మీదే ఉంటాయి కాబట్టి అదే మంచిదేమో!

గేరుపళ్లు
నేను చెప్పదలుచుకున్నది కూడా అదే, మీరు బాగా చెప్పారు.

తొలివాన
మధ్యలో దూరుతున్నాను. నా రంపం అసలు కోయట్లేదు. కొత్తది. కొమ్మ మీద పెడితే పొగ వస్తోంది, కట్టె నల్లబడుతోంది. మోటారు బలహీనమా?

మానెక్కినోడు
గొలుసు తిరగేసి వేశారు.

తొలివాన
అలా ఎలా చెప్పగలరు?

మానెక్కినోడు
బార్ పైభాగాన పన్ను పదును వైపు కొన దిక్కుగా చూడాలి. మీది మీ వైపు చూస్తూ ఉంటుంది. బ్యాటరీ తీసి చూడండి. ముందు బ్యాటరీ తీసి.

తొలివాన
తిరగేసే ఉంది 🙈 పెట్టెలోంచి తీసినప్పుడు నేనే బిగించాను.

ఎండుపుల్ల
కట్టె కాల్చే యంత్రం కనిపెట్టారు, పేటెంట్ తీసుకోండి.

కుట్లుమూడు
"ముందు బ్యాటరీ తీసి" అన్న మాట దగ్గర నా కథ. గొలుసు గాడిలోంచి ఊడింది, బయటికి లాగుతున్నాను, అరచేయి పిడి మీద ఉంది. బొటనవేలు బటన్ మీదికి, చూపుడు వేలు ట్రిగ్గర్ మీదికి ఎప్పుడు వెళ్లాయో తెలీదు. సగం ఊడిన గొలుసు రెండు చుట్లు తిరిగింది. గోరు పోయింది, మళ్లీ వచ్చింది గానీ వంకరగా వచ్చింది. గొలుసు బిగించాలన్నా, పొట్టు దులపాలన్నా, ఇరుక్కున్న పుల్ల తీయాలన్నా బ్యాటరీ నేల మీద ఉండాలి. నేనిప్పుడు దాన్ని జేబులో కూడా పెట్టుకోను, దూరంగా కనపడేలా పెడతాను.

తోటపనిపిచ్చి
కొత్త గొలుసు సాగుతుంది, ఇది చాలామందికి తెలీదు. మొదటి పది నిమిషాల్లోనే వదులవుతుంది. ఆపి, చల్లారాక చూసుకోవాలి. బార్ మధ్యలో గొలుసును వేళ్లతో లాగితే కాస్త లేవాలి, వదిలితే టక్కున కూర్చోవాలి, లోపలి పళ్లు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. వేడి మీద బిగిస్తే చల్లారాక కుంచించుకుని బార్‌ను పట్టేస్తుంది.

పచ్చరెమ్మ
నూనె ఏది పోస్తున్నారు అందరూ? నా దాంట్లో ట్యాంకు లేదు, చుక్కలు వేసుకోవాలి.

గేరుపళ్లు
బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్. ఊరికే వస్తుంది.

మానెక్కినోడు
వద్దు. అందులో ఇనుప రజను, మసి ఉంటాయి, బార్ అరిగిపోతుంది. పైగా ఆ నూనె గొలుసు మీద నిలవదు, తుంపరగా చిమ్ముతుంది, మొక్కల మీద, నేల మీద, మీ ఊపిరితిత్తుల్లో. గొలుసు నూనె అని విడిగా అమ్ముతారు, జిగురుగా ఉంటుంది, అంటిపెట్టుకుంటుంది. అత్యవసరానికి వంటనూనె కూడా పనిచేస్తుంది, కానీ వాడి అలాగే పక్కన పడేస్తే జిగటగా గట్టిపడి గొలుసు కదలదు.

సూటిప్రశ్న
గ్లౌజుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? తిరిగే యంత్రం దగ్గర గ్లౌజులు వేసుకోకూడదని మాకు వర్క్‌షాపులో నేర్పారు. ఇక్కడ వేసుకోమంటారా?

గేరుపళ్లు
డ్రిల్లింగ్ మిషన్, లేత్ దగ్గర వద్దంటారు, నిజమే. గ్లౌజు చుట్టుకుని చేతిని లోపలికి లాగుతుంది. నేనైతే ఇక్కడా వేసుకోను.

మానెక్కినోడు
అక్కడ చేయి తిరిగే భాగం పక్కనే ఉంటుంది. ఇక్కడ రెండు చేతులూ పిడి మీదే ఉండాలి, గొలుసు దగ్గరికి వెళ్లే పనే లేదు. చేతికి అతుక్కున్నట్టుండే తోలు గ్లౌజులు వేసుకోవాలి, వదులువి కాదు. పట్టు బాగుంటుంది, చెమటకు జారదు, ముళ్లు దిగవు. కానీ గ్లౌజు ఉంది కదా అని చేయి అడ్డం పెట్టారో, గ్లౌజు ముక్కలతో సహా కుట్టాలి.

వార్డుడ్యూటీ
ముక్కలు మేమే ఏరాలి.

కళ్లద్దాలు కూడా. చదువుకునే అద్దాలు కాదు, పక్కలు మూసి ఉన్నవి. కంట్లో పొట్టు పడితే మనిషి చేసే మొదటి పని రంపం ఉన్న చేత్తోనే కన్ను తుడుచుకోబోవడం. జెముడు, గన్నేరు లాంటివి కోసేవాళ్లు ఇంకా జాగ్రత్త. జెముడు పాలు కంట్లో పడితే తట్టుకోలేని మంట, చూపు కూడా దెబ్బతినొచ్చు, వెంటనే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండాలి. గన్నేరు నిలువెల్లా విషమే, ఆ కొమ్మలు కాల్చొద్దు, పొగ పీల్చొద్దు.

కోసుకుంటే ఏం చేయాలో కూడా రాసి పెడతాను. శుభ్రమైన గుడ్డ గాయం మీద పెట్టి గట్టిగా నొక్కండి, పది నిమిషాలు తీసి చూడకుండా. "ఆగిందా" అని మధ్యలో చూస్తే మళ్లీ మొదటికే. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ. పసుపు, కాఫీ పొడి, బూడిద అద్దకండి, తర్వాత అవన్నీ కడగడానికే మాకు అరగంట. వేలు తిమ్మిరెక్కినా, మడవలేకపోయినా, చిన్న గాయమే అనుకోకుండా రండి. ఫోన్ చెట్టు కింద కాదు, మీ జేబులో ఉండాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకపోతే మరీ మంచిది.

ఎండుపుల్ల
అక్కా, మీకో విచిత్రం తెలుసా? గొలుసు రంపం మొదట పుట్టింది మీ డిపార్ట్‌మెంటులోనే. 1830 ప్రాంతంలో బెర్న్‌హార్డ్ హైనె అనే జర్మన్ వైద్యుడు ఎముకలు కోయడానికి చేతితో తిప్పే గొలుసు రంపం తయారు చేశాడు. చెట్ల మీదికి వచ్చింది చాలా తర్వాత. 1926లో ఆండ్రియాస్ స్టీల్ కరెంటు రంపానికి పేటెంట్ తీసుకున్నాడు.

వార్డుడ్యూటీ
అందుకేనేమో ఎముక దొరికితే ఇప్పటికీ వదలదు.

సగంకోసినకొమ్మ
అందరికీ థాంక్స్, ఇంజక్షన్ అయింది, టేపు తీసేశాను. ఇప్పుడు అసలు పని మిగిలే ఉంది. ఆ చెట్టుకే ఛాతీ ఎత్తులో ఇంకో కొమ్మ, దాదాపు 4 అంగుళాల లావు, దారికి అడ్డంగా పెరిగింది. నేల మీద నిలబడే కోయొచ్చు. పైనుంచి ఒకే కోతలో కోసేయనా?

మానెక్కినోడు
కోయకండి. సగం తెగగానే బరువుకు విరిగి, బెరడు తోలు ఊడినట్టు మాను మీదికంటా చీరుకుపోతుంది. మూడు కోతలు వేయాలి. మానుకు అడుగు, అడుగున్నర దూరంలో ముందు కింద నుంచి, పావు వంతో మూడో వంతో. ఇది బార్ పైభాగంతో కోసేది, రంపం మీ మీదికి నెట్టుకొస్తుందని మొదట చెప్పాను కదా, కాచుకోండి. భయంగా ఉంటే ఆ ఒక్క కోత చేతి రంపంతో వేయండి. రెండోది పైనుంచి, మొదటి కోతకు అంగుళం రెండంగుళాలు అవతల, కొమ్మ కొన వైపు. కొమ్మ చీలకుండా విరిగి పడుతుంది. మిగిలిన మోడు తేలిక, దాన్ని మూడో కోతతో తీసేయండి.

మూడో కోత మానుకు నున్నగా చెక్కేయకూడదు. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఒక ఉబ్బు ఉంటుంది, దానికి కాస్త అవతల, కొమ్మ కొన వైపు కోయాలి. ఉబ్బు మిగలాలి, పొడుగు మోడు మిగలకూడదు.

రంపాన్ని మీ ఒంటికి ఎదురుగా కాదు, కాస్త పక్కకు పట్టుకోండి. కోత పూర్తయినప్పుడు రంపం ఒక్కసారిగా కిందికి పడుతుంది, ఆ దారిలో మీ తొడ ఉండకూడదు. గొలుసు పూర్తిగా ఆగాకే అడుగు కదపండి.

చేతిరంపంచాలు
కోసిన చోట రంగో తారో పూయాలి కదా? మా నాన్న పూసేవారు.

పచ్చరెమ్మ
అక్కర్లేదండి. అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త గొలుసు రంపంతోనే వేల చెట్లను నిలువునా చీల్చి లోపల చూశారు. చెట్టు గాయం మన చర్మంలా మానదు, కుళ్లును లోపల గోడలు కట్టి ఆపుకుంటుంది, పక్కన కొత్త కట్టె పెంచుకుంటుంది. ఆ గోడ కట్టే సరుకంతా ఆ ఉబ్బులోనే ఉంటుంది. రంగు పూస్తే కుళ్లు ఆగదని చూపించారు.

చేతిరంపంచాలు
నేను పూస్తూనే ఉంటాను, అలవాటు.

మానెక్కినోడు
పూయండి, చెట్టు ఏమీ అనుకోదు. ఉబ్బు మాత్రం కోయకండి.

సూటిప్రశ్న
గాలికి పడిపోయి రెండు చివర్లా నేలకు ఆని, మధ్యలో లేచి ఉన్న కొమ్మ అయితే? పోయినసారి పైనుంచి కోయబోతే ఫట్‌మని పగిలి నా మోకాలికి కొట్టింది.

మానెక్కినోడు
విల్లులా వంగి ఉంది కదా. పైవైపు సాగి ఉంది, కిందివైపు నొక్కుకుని ఉంది. సాగిన వైపు ముందు కోస్తే దాచుకున్న బలమంతా ఒకేసారి వదులుతుంది. ముందు నొక్కుకున్న వైపు కొంచెం కోసి, అప్పుడు సాగిన వైపు నెమ్మదిగా కోయాలి. వంపు లోపల కాదు, పక్కన నిలబడి. చివర్లు ఆని మధ్యలో కిందికి వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది, పైవైపు నొక్కుకుని ఉంటుంది, రంపం బిగుసుకుపోయేది అక్కడే. బిగిస్తే లాగి పీకకండి, బ్యాటరీ తీసి కొమ్మను ఎత్తించండి. చెయ్యంత లావు మించి అలా వంగి ఉంటే ముట్టుకోవద్దు, మాలాంటి వాళ్లను పిలవండి.

సగంకోసినకొమ్మ
ఇవాళ పొద్దున కోశాను. సన్న రెమ్మలన్నీ కత్తెరతో తీశాను, అదే గంట పట్టింది. కింది కోత చేతి రంపంతో, తర్వాతవి మిషన్‌తో, రెండు చేతులూ పిడి మీదే. రెండో కోతకు కొమ్మ టప్‌మని పడింది, బెరడు చీరలేదు. ఉబ్బు మిగిల్చాను. కోత వేయడానికి పట్టింది నలభై సెకన్లు.

చేతిరంపంచాలు
గంటా నలభై సెకన్లలో గంట నాది.

సగంకోసినకొమ్మ
ఒప్పుకుంటున్నాను. మడత రంపం ఒకటి కొంటాను, ఎంత పొడుగుది తీసుకోమంటారు?

చేతిరంపంచాలు
8, 9 అంగుళాల బ్లేడుది, లాగితే కోసే పళ్లది. నెట్టితే కాదు.

నిచ్చెనమెట్టు
మరి ఆ తొమ్మిదడుగుల కొమ్మ?

సగంకోసినకొమ్మ
అది సగం కోసి అలాగే ఉంది. నా పేరు ఎందుకు వచ్చిందనుకున్నారు?

మానెక్కినోడు
సగం కోసి వేలాడుతోందా! దాని కింద ఎవరినీ తిరగనివ్వకండి, ముందు తాడు కట్టి దారి మూసేయండి. ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.